గుర్తింపు లేని బైబిల్ కాలేజీ చదువు వేరే చోట చెల్లాలంటే

మలికిపురంలో నాది చిన్న జిరాక్స్ కొట్టు. పక్కన టీ బండి, ఎదురుగా కొబ్బరికాయల లారీలు లోడయ్యే జాగా. వారానికి ఒక్కరైనా వస్తారు, చంకలో బైబిలు, చేతిలో ప్లాస్టిక్ కవరు. కవరులోంచి బంగారు స్టిక్కరు అంటించిన సర్టిఫికెట్ తీసి బల్ల మీద పెట్టి, "వందనాలు ఆఫీసక్కా, దీంతో పై చదువుకి వెళ్లొచ్చాండీ?" అని అడుగుతారు.

ఆఫీసక్క అన్న పేరు పాతది. ఈ కొట్టు పెట్టకముందు పదకొండేళ్లు ఈ రాజోలు దీవిలోనే ఒక బైబిల్ కాలేజీ ఆఫీసులో పనిచేశాను. దాని పేరు చెప్పను, అది మూతపడి చాన్నాళ్లయింది. అక్కడినుంచి బయటికెళ్లిన ప్రతి మార్కుల షీటూ నా చేతుల మీదుగా టైపయినదే. గ్రాడ్యుయేషన్ రోజు పెద్దలంతా గౌన్లు వేసుకుని స్టేజీ మీద ఫొటోలు దిగుతుంటే నేను వెనక గదిలో ఆఖరి సర్టిఫికెట్టుకి స్టిక్కరు అంటిస్తూ ఉండేదాన్ని. గుర్తింపు లేని సెమినరీ (పాస్టర్ల చదువుల కాలేజీ) ట్రాన్స్‌క్రిప్టు, అంటే సబ్జెక్టుల మార్కుల పట్టీ, లోపలేముంటుందో నాకు తెలిసినంతగా ఆ స్టేజీ మీదివాళ్లకి కూడా తెలీదు. వచ్చినవాళ్లకల్లా ఇదే విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది, అందుకని రాస్తున్నాను.

ముందే ఒక చేదు మాట. క్రెడిట్లంటే (ఒక్కో సబ్జెక్టు చదివిన గంటలకి కట్టే లెక్క) ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి వెళ్లే డబ్బు అనుకుని వస్తారు చాలామంది. గుర్తింపు ఉన్న యూనివర్సిటీలకి నిజంగానే అలాంటి బ్యాంకు ఉంది. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని 2021లో యూజీసీ, అంటే యూనివర్సిటీల్ని చూసే కేంద్ర సంస్థ, నిబంధనలు తెచ్చింది. అందులో నమోదైన సంస్థల క్రెడిట్లే జమవుతాయి, మనవి జమకావు. మన దగ్గరున్నవి వడ్లు. అవతలివాళ్లు బస్తా విప్పి, తేమ చూసి, తాలు తీసేసి, వాళ్ల కాటా మీద ఎంత తూగితే అంత రాసుకుంటారు. దాళ్వా ధాన్యం మిల్లుకి తోలినవాళ్లకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ నేను చెప్పేదంతా ఆ కాటా దగ్గర బస్తా ఎలా విప్పి చూపించాలన్నదే.

గేటు మీది బోర్డు

మా కాలేజీ గేటు మీద "గవర్నమెంట్ రిజిస్టర్డ్" అని ఎర్రక్షరాలతో ఉండేది. అబద్ధం కాదు. సొసైటీల చట్టం కింద రిజిస్టరయింది. మా ఊళ్లో చేపల చెరువుల రైతులు పెట్టుకున్న సంఘం కూడా ఆ చట్టం కిందే రిజిస్టరయింది. ఆ సంఘం బీఏ డిగ్రీ ఇవ్వగలిగితే మేమూ బీటీహెచ్ (దైవశాస్త్రం డిగ్రీ) ఇవ్వగలం. సొసైటీ కాగితం, ట్రస్టు డీడు, ఐఎస్‌ఓ సర్టిఫికెట్టు, ఇవేవీ డిగ్రీ ఇచ్చే హక్కు ఇవ్వవు. ఆ హక్కు ఎవరికుందో 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్‌లో ఉంది: పార్లమెంటో శాసనసభో చట్టం చేసి పెట్టిన యూనివర్సిటీలకి, డీమ్డ్ హోదా పొందిన సంస్థలకి, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చినవాటికి. అంతే.

మరి సెరంపూర్ సంగతేంటని అడుగుతారు. అది పాత గట్టి ఇల్లు. కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అనే మిషనరీలు కలిసి 1818లో కలకత్తా దగ్గర పెట్టిన కాలేజీ. ఆ ఊరు అప్పట్లో డెన్మార్కు వాళ్లది కాబట్టి 1827లో డెన్మార్కు రాజే డిగ్రీలిచ్చుకోమని చార్టర్ ఇచ్చాడు. తర్వాత 1918లో బెంగాల్ శాసనసభ దానికి చట్టం చేసింది. అందుకే సెరంపూర్ సెనేట్ (డిగ్రీలిచ్చే మండలి) ఇచ్చే బీడీకి, అంటే బ్యాచిలర్ ఆఫ్ డివినిటీకి, చట్టం బలం ఉంది. హైదరాబాదులోని ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ దాని కిందిదే. ఆ కాలేజీ 1964లో మొదలైంది మన రాజమండ్రిలోనే, లూథర్‌గిరిలో. తర్వాత హైదరాబాదు తరలిపోయింది. అది ఇక్కడే ఉండి ఉంటే నా దగ్గరికొచ్చే సగంమంది నా దగ్గరికి రావాల్సిన పని ఉండేది కాదేమో.

ఇంకోటి ఏటీఏ, ఏషియా థియొలాజికల్ అసోసియేషన్. 1970లో మొదలైంది. ఇది ప్రభుత్వ గుర్తింపు కాదు. సెమినరీకొచ్చి లైబ్రరీ, టీచర్లు, పాఠాలు చూసి ముద్ర వేసే సంఘం. ఆ ముద్ర సువార్త సెమినరీల మధ్య చెల్లుతుంది, సర్కారు ఉద్యోగానికి చెల్లదు. సఖినేటిపల్లి రేవులో పంటు టిక్కెట్టు కొంటే వశిష్ఠ దాటించి నరసాపురం ఒడ్డున దింపుతారు. అదే టిక్కెట్టు పట్టుకుని ఆర్టీసీ బస్సెక్కితే కండక్టరు దింపేస్తాడు. టిక్కెట్టు దొంగది కాదు, ఎక్కిన బండి వేరు.

"మాది అమెరికా యూనివర్సిటీకి అఫిలియేషన్ అక్కా" అని కొందరంటారు. ఏ రాష్ట్రమో అడగండి. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు మతసంబంధమైన డిగ్రీలిచ్చే సంస్థలకి లైసెన్సు నుంచి మినహాయింపు ఇస్తాయి, ఫ్లోరిడా అందులో ఒకటి. ఆ మినహాయింపు కాగితానికీ అక్రెడిటేషన్‌కీ (చదువు స్థాయి చూసి వేసే ముద్రకీ) సంబంధం లేదు. అక్కడ సెమినరీలకి ముద్ర వేసేవి ఏటీఎస్, ట్రాక్స్, ఏబీహెచ్‌ఈ లాంటి సంస్థలు. కాలేజీ పేరు అమెరికా విద్యాశాఖ వెబ్‌సైటులోనో, చియా అనే సంస్థ జాబితాలోనో ఉందో లేదో పది నిమిషాల్లో చూసుకోవచ్చు. మన యూజీసీ వెబ్‌సైటులో నకిలీ యూనివర్సిటీల జాబితా కూడా ఒకసారి తీసి చూడండి. మన రాష్ట్రం పేరు కింద ఏళ్ల తరబడి కనిపించినవి రెండు, ఒకటి గుంటూరు అడ్రసు, ఒకటి విశాఖ అడ్రసు. ఒకదాని పేరులో క్రీస్తు ఉన్నాడు, రెండోదాని పేరులో బైబిల్ ఉంది. చదివినప్పుడు నాకు సిగ్గేసింది.

ఎక్కడికి వెళ్దామనుకుంటున్నారు

దీనికి జవాబు లేకుండా కాగితాలు సర్దుకుని లాభం లేదు. ఒక్కో ఇంటికి తాళం ఒక్కోటి.

ముందు, మామూలు డిగ్రీ ఉన్నవాళ్లు. బీఏనో బీకామో గుర్తింపు ఉన్న యూనివర్సిటీలో పాసై, తర్వాత మాలాంటి కాలేజీలో బీటీహెచ్ చేసినవాళ్లు. మీరు క్రెడిట్ల గొడవే పెట్టుకోవద్దు. మీ బీఏతోనే సెరంపూర్ బీడీకిగానీ, ఎం.డివ్‌కిగానీ (మాస్టర్ ఆఫ్ డివినిటీ) దరఖాస్తు పెట్టండి. బీటీహెచ్‌ని అనుభవం కింద రాయండి, అర్హత కింద రాయకండి. ఈ ఒక్క మాట తెలీక బీఏ మార్కుల లిస్టు ఇంట్లో పెట్టి, బీటీహెచ్ సర్టిఫికెట్టు పట్టుకుని బెంగళూరు వరకు వెళ్లి తిరిగొచ్చిన పాస్టరుగారు ఒకాయన ఉన్నారు. రానూపోనూ శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఖర్చు దండగ.

యూనివర్సిటీలో ఎంఏ చేద్దామనుకునేవాళ్లకి కూడా ఇదే లెక్క. మద్రాసు యూనివర్సిటీలో, మైసూరు యూనివర్సిటీలో క్రైస్తవ అధ్యయనాల మీద ఎంఏ ఉంది. వాళ్లకి కావలసింది గుర్తింపు ఉన్న డిగ్రీ. మన బీటీహెచ్‌ని అక్కడ చూడనైనా చూడరు.

ఏటీఏ ముద్ర ఉన్న సెమినరీల దగ్గర మాత్రం మాటకి చోటుంది. తీసుకోవాలా వద్దా, ఎంత తీసుకోవాలి అనేది చాలావరకు ఆ కాలేజీ అకడమిక్ డీన్ చేతిలో ఉంటుంది. విదేశీ సెమినరీలూ అంతే. కొన్ని గుర్తింపు లేని చోటునుంచి ఒక్క క్రెడిట్టు కూడా తీసుకోమని ముందే చెప్పేస్తాయి. కొన్ని సబ్జెక్టు సబ్జెక్టుకీ సిలబస్ చూసి, టీచరు ఏం చదివాడో చూసి, పరీక్ష పెట్టి తీసుకుంటాయి. ఇంకొన్ని షరతు మీద చేర్చుకుని, మొదటి సెమిస్టరులో మంచి గ్రేడ్లు తెచ్చుకుంటే పాతవి అప్పుడు చూస్తామంటాయి. ఈ మూడో దారి మనవాళ్లకి బాగా కలిసొస్తుంది. చదివిన పిల్లలు చదువుతారు, కాగితమే తేడా.

గంటలు, క్రెడిట్లు

ఇక అసలు పని. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి.

మా దగ్గర రోమా పత్రిక (బైబిల్లో పౌలు రాసిన ఉత్తరం) ఒక సబ్జెక్టు. క్రిస్మస్ ముందు ఒక విదేశీ అయ్యగారు వచ్చి మూడు రోజులు చెప్పేవారు. రోజుకి అయిదు గంటలు, అందులో సగం తర్జుమాకే పోయేది. ట్రాన్స్‌క్రిప్టులో దానికి 3 క్రెడిట్లు వేశాం, ఆయన పేరు ముందు డాక్టర్ ఉంది కదా అని. అదే కాలేజీలో రిటైరైన మాస్టారు ఒకాయన పొద్దున్నే ఆరింటికి గ్రీకు చెప్పేవారు. వానొచ్చినా, కాలవగట్టు మీద బురదైనా, సైకిలు నడిపించుకుంటూ వచ్చేవారు. వారానికి అయిదు రోజులు, రోజుకో గంట, ఏడాదికి ముప్పై వారాలు, రెండేళ్లు. దానికి ట్రాన్స్‌క్రిప్టులో 2 క్రెడిట్లు. ఎందుకంటే మొత్తం 120 చూపించాలని ప్రిన్సిపాలుగారు చెప్పారు, అన్నిటికీ పంచాక మిగిలింది రెండే.

ఇప్పుడు లెక్క వేద్దాం. మన యూనివర్సిటీల్లో ఒక క్రెడిట్ అంటే పదిహేను గంటల క్లాసు. రోమా పత్రికకి మూడు అయిదులు పదిహేను, ఒక్క క్రెడిట్. గ్రీకుకి అయిదు ముప్పైలు నూటయాభై, రెండేళ్లకి మూడువందల గంటలు. పదిహేనుతో భాగిస్తే ఇరవై క్రెడిట్లు. కాగితం మీద మూడున్నది ఒకటి, రెండున్నది ఇరవై!

ఏ కాలేజీ మీకు గ్రీకుకి ఇరవై ఇవ్వదులెండి. కానీ మూడువందల గంటల హాజరు చూపించి, "పరీక్ష పెట్టండి, మొదటి ఏడాది గ్రీకు నుంచి మినహాయింపు ఇవ్వండి" అని అడిగే హక్కు మీకుంటుంది. ఆ పరీక్ష రాసి గట్టెక్కినవాళ్లు ఆ మాస్టారి శిష్యుల్లో ముగ్గురున్నారు నాకు తెలిసి. మాస్టారు ఇప్పుడు లేరు.

అమెరికా లెక్క వేరు. అక్కడ ఒక సెమిస్టరు క్రెడిట్ అంటే వారానికి గంట క్లాసు, దాని మీద రెండు గంటల సొంత చదువు, సుమారు పదిహేను వారాలు. యూరప్‌లో క్లాసూ సొంత చదువూ కలిపి ఇరవై అయిదు నుంచి ముప్పై గంటలకి ఒక క్రెడిట్. కాబట్టి మీరు పంపే కాగితంలో క్రెడిట్ల కంటే గంటలకే పెద్ద గడి పెట్టండి. ఎన్ని వారాలు, వారానికి ఎన్ని గంటలు, ఎన్ని పరీక్షలు, ఎన్ని పేజీల వ్యాసాలు, ఏ పుస్తకాలు. వాళ్ల కాటా మీద వాళ్లు తూచుకుంటారు.

ఈ గంటలు ఎక్కడినుంచి తేవాలి? హాజరు పుస్తకాల్లోంచి. కాలేజీ నడుస్తుంటే ఆఫీసుకెళ్లి మీ పేరున్న పేజీలు ఫొటో తీసుకోండి, వాటి మీద ప్రిన్సిపాలు సంతకం, ముద్ర వేయించుకోండి. మూతపడి ఉంటే పాత ప్రిన్సిపాలుగారి ఇంటి అటక మీద వెతకండి. మీ నోట్సులు పారేయలేదు కదా? వాటి మీద తేదీలుంటాయి. పాత ప్రశ్నపత్రాలు, దిద్దిన జవాబు పేపర్లు, క్లాసులో దిగిన ఫొటోలు కూడా పనికొస్తాయి.

సిలబస్ రాతలో లేకపోతే పాఠం చెప్పిన టీచరుగారి దగ్గర కూర్చుని, మీ నోట్సులు ముందు పెట్టుకుని, ఇద్దరూ కలిసి రాయండి. ఒక్కో సబ్జెక్టుకి ఒక పేజీ చాలు. టీచరుగారి డిగ్రీ జిరాక్సు దానికి జతచేయండి. గుర్తింపు ఉన్న చోట మాస్టర్స్ చేసిన టీచరు చెప్పిన సబ్జెక్టుకి విలువెక్కువ, ఇది ఎవరూ పైకి చెప్పరు. ఇంకో ముఖ్యమైన సంగతి: ఈరోజు తయారుచేసిన సిలబస్ మీద ఈరోజు తేదీయే వేయండి. పాత తేదీ వేస్తే అది దొంగ కాగితమే.

ఆ తప్పు నేను చేశాను కాబట్టి చెప్తున్నాను. ఒక తమ్ముడు, ఉత్తరాదిలో ఒక సెమినరీకి దరఖాస్తు పెట్టుకున్నాడు, ఆరు క్రెడిట్లు తక్కువొచ్చాయి. "అక్కా, నువ్వు టైపు కొడితే ఎవరికి తెలుస్తుంది" అన్నాడు. ప్రసంగశాస్త్రానికి రెండున్నది నాలుగు చేశాను, మేమెప్పుడూ చెప్పని సంఘచరిత్ర రెండో భాగం ఒకటి చేర్చి దానికి నాలుగు వేశాను. నెల తర్వాత ఆ సెమినరీ రిజిస్ట్రారుగారు ఆఫీసుకి ఫోను చేశారు. సంఘచరిత్ర రెండో భాగం ఎవరు చెప్పారమ్మా, ఏ పుస్తకం వాడారు అని మర్యాదగానే అడిగారు. నాకు మాట రాలేదు. పక్కనుంచి మా పెద్దాయన, చెప్పినాయన చనిపోయాడని చెప్పేయమని సైగ చేస్తున్నారు. నేను ఫోను పెట్టేశాను. ఆ తమ్ముడికి సీటు రాలేదు, మా కాలేజీ నుంచి తర్వాత దరఖాస్తు పెట్టుకున్న ఇద్దరికీ రాలేదు. ఆ తమ్ముడు ఇప్పుడు తాటిపాక సెంటర్లో ఆటో నడుపుతాడు. కనిపిస్తే ఇప్పటికీ అక్కా అనే పిలుస్తాడు.

పేరు

ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది, నా కొట్టులో ఎక్కువ దరఖాస్తులు ఆగేది ఇక్కడే. టెన్త్ మార్కుల లిస్టులో వెంకట సత్యనారాయణ. బాప్తిస్మం తర్వాత సత్యానందం. బైబిల్ కాలేజీలో అందరూ పిలిచేది ఆనంద్‌పాల్, ట్రాన్స్‌క్రిప్టులోనూ అదే. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరం. అవతల కూర్చున్నాయనకి వీళ్లు నలుగురు మనుషులు.

టెన్త్ లిస్టులో ఏ పేరుంటే అదే రాజు. కాలేజీ ఇంకా నడుస్తుంటే ట్రాన్స్‌క్రిప్టుని ఆ పేరుతో, బ్రాకెట్లో రెండో పేరుతో మళ్లీ ఇమ్మనండి. నడవకపోతే నోటరీ దగ్గర రెండు పేర్లూ ఒక్కరివేనని అఫిడవిట్ చేయించండి. విదేశాలకైతే పాస్‌పోర్టులో పేరూ ఇదీ ఒకటిగా ఉండాలి. చట్టప్రకారం పేరే మార్చుకోవాలంటే గెజిట్ దాకా వెళ్లాలి. కులం సర్టిఫికెట్టుకీ బాప్తిస్మం పేరుకీ ఉన్న చిక్కు వేరే పురాణం, దాని జోలికి ఇక్కడ పోను. అది లాయరుగారిని అడగాల్సిన సంగతి.

ఉత్తరం

ఫీజు కట్టకముందే, ఉన్న సంఘం వదలకముందే ఉత్తరం రాయాలి. "నా క్రెడిట్లు తీసుకుంటారా" అని అడిగితే వచ్చే జవాబు "తీసుకోం" అనే. అడగాల్సిన తీరు వేరు. నేను ఇంగ్లీషులో కొట్టి పంపేదానికి తెలుగు ఇది:

"రిజిస్ట్రారు గారికి. నేను ఫలానా ఏడు నుంచి ఫలానా ఏడు వరకు ఫలానా బైబిల్ కాలేజీలో చదివాను. ఆ కాలేజీకి యూజీసీ గుర్తింపుగానీ, సెరంపూర్ అనుబంధంగానీ, ఏటీఏ అక్రెడిటేషన్‌గానీ లేదు. మీ దగ్గర ఎం.డివ్‌లో చేరాలనుకుంటున్నాను. నేను చదివిన ఈ నాలుగు సబ్జెక్టులు మీ కేటలాగులోని ఈ నాలుగింటికి దగ్గరగా ఉన్నాయి. ఒక్కోదానికి సిలబస్, క్లాసు గంటలు, పుస్తకాలు, టీచరు అర్హత జతపరిచాను. మీరు పరీక్ష పెడితే రాస్తాను. షరతు మీద చేర్చుకున్నా సమ్మతమే. మీ నిర్ణయం దయచేసి మెయిల్‌లో తెలియజేయండి."

గుర్తింపు లేదన్న ముక్క రెండో వాక్యంలోనే ఉంది చూడండి. దాన్ని దాచి రాస్తే వాళ్లు వెతికి పట్టుకుంటారు, అప్పుడు మిగతా కాగితాల్ని కూడా అనుమానంగా చూస్తారు. ముందే చెప్పినవాడిని ఒక్క నిమిషం ఎక్కువసేపు చూస్తారు. అలాగే నలభై సబ్జెక్టులూ పంపకండి. గట్టివి నాలుగైదు చాలు. వాళ్ల కేటలాగు వెబ్‌సైటులో ఉంటుంది, దాంట్లో పేర్లు, నంబర్లు చూసి మీవాటి పక్కన రాయండి. మంచి గ్రేడు వచ్చినవే పంపండి. పాసు మార్కులవాటిని గుర్తింపు ఉన్న కాలేజీ నుంచి వచ్చినా చాలాచోట్ల తీసుకోరు. కొన్నిచోట్ల పదేళ్లు దాటినవి అసలు చూడరు.

ట్రాన్స్‌క్రిప్టు మీ కాలేజీ నుంచి సీలు వేసిన కవరులో నేరుగా వెళ్లాలంటారు. ఆ కవరు మీరు విప్పకూడదు. ఇంగ్లీషు మీడియమా తెలుగు మీడియమా అని ఉత్తరం అడుగుతారు, తెలుగైతే తెలుగనే రాయించండి. విదేశీ కాలేజీలు డిగ్రీని లెక్కకట్టించే సంస్థకి పంపమంటే, ఏ సంస్థో వాళ్లనే అడిగి తెలుసుకున్నాక డబ్బు కట్టండి. ఆ సంస్థలు గుర్తింపు లేని కాలేజీ డిగ్రీని గుర్తింపు లేనిదనే రాస్తాయి, మీ డబ్బు మీదనే. జవాబు ఫోనులో చెప్తే, అదే మాట మెయిల్‌లో పంపమని వినయంగా అడగండి. డీన్లు మారిపోతారు.

డబ్బు అడిగేవాళ్లు

"మీ పాత క్రెడిట్లని అక్రెడిటెడ్ చేసి ఇస్తాం, ఇరవై అయిదువేలు" అని వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. ఎవరి క్రెడిట్లనీ ఎవరూ వెనక్కి వెళ్లి అక్రెడిటెడ్ చేయలేరు. గౌరవ డాక్టరేట్ల మాట ఎత్తను, మా మండలంలో డాక్టర్లు ఎక్కువై జ్వరమొస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియడం లేదు.

మళ్లీ మొదటినుంచి

కొందరికి నేను చెప్పేది ఇదే, వాళ్లకి నచ్చదు. మా దగ్గర బీటీహెచ్‌లో టెన్త్ పాసైనవాళ్లని కూడా చేర్చుకునేవాళ్లం. ఇంటర్ లేదు, డిగ్రీ లేదు, నేరుగా బీడీ అంటారు. ఏ కాగితమూ దాన్ని నిలబెట్టదు. కొబ్బరి దింపు తీసే ఆయన కొడుకు ఒకబ్బాయి ఉండేవాడు, అంతర్వేది వైపు. మూడేళ్లు మా దగ్గర చదివాడు. వచ్చి అడిగితే, సార్వత్రిక విద్యాపీఠంలో ఇంటర్ కట్టమన్నాను. ఏడ్చినంత పని చేశాడు. "మూడేళ్లు పోయినట్టేనా అక్కా?" అన్నాడు. రెండు రోజులు రాలేదు, మూడో రోజు ఫారం తెచ్చుకున్నాడు. ఇంటర్ అయ్యాక ఇగ్నోలో బీఏ కట్టాడు. పగలు తండ్రితో కొబ్బరితోటల్లో పని, ఆదివారం చిన్న సంఘంలో వాక్యం, రాత్రి చదువు. తర్వాత బెంగళూరులో ఎం.డివ్‌లో సీటొచ్చింది, బీఏ మీదే వచ్చింది. మా 120 క్రెడిట్లలో వాళ్లు తీసుకున్నది తొమ్మిది. గ్రీకు మాత్రం పరీక్ష రాసి మొదటి ఏడాది దాటేశాడు.

సంఘంలో పనిచేస్తూ ఇంటి దగ్గరే చదువుకుంటానంటే సెరంపూర్ వాళ్ల దూరవిద్యలో బీసీఎస్ (క్రైస్తవ అధ్యయనాల డిగ్రీ) ఉంది, దాన్ని సెప్టర్ అనే విభాగం చూస్తుంది. బీడీకి అది సమానం కాదు, మొదట కనుక్కుని చేరండి. పాత క్రెడిట్లు మోసుకుని తిరగడం కన్నా కొందరికి అదే తేలిక.

హాజరు పుస్తకాల మాట చెప్పాను కదా. మా కాలేజీ మూసేసినరోజు వాటిని పాత పేపర్ల కొట్టుకి వేసేశారు. కిలో పన్నెండు రూపాయల లెక్కన నేనే మళ్లీ కొనుక్కున్నాను, పద్నాలుగు కిలోలు. ఇనప్పెట్టెలో పెట్టి కొట్టు అటక మీద ఉంచాను, వరదొచ్చినా తడవకుండా. మా దగ్గర చదివినవాళ్లు ఎవరైనా వచ్చి మీ పేజీ చూసుకోవచ్చు. జిరాక్సు డబ్బులు మాత్రం తీసుకుంటాను. ఆదివారం రాకండి, శనివారం సాయంత్రం ఖాళీగా ఉంటాను. వచ్చేటప్పుడు టెన్త్ మార్కుల లిస్టు ఒరిజినల్ తెచ్చుకోండి, ఫోనులో ఫొటో కాదు.